పంటి మీది మరక: నీటి దోషమా, గార దోషమా?

ప్రాతఃకాలంలో మనిషి చేయవలసిన మొదటి పనులలో దంతధావనం ఒకటని మన ఆయుర్వేద గ్రంథాలు దినచర్యా ప్రకరణంలోనే విధించాయి. చరకుడు దానిని రోజుకు రెండుసార్లు చేయమన్నాడు. సుశ్రుతుడు పుల్ల పొడవు, లావు, రుచి కూడా నిర్ణయించి చెప్పాడు. నోటిని ఇంత శ్రద్ధగా చూడమన్న సంప్రదాయంలో పుట్టిన మనం, పన్ను నొప్పి పుట్టి నిద్ర పట్టని రాత్రి వచ్చేవరకు వైద్యుని ముందు నోరు తెరవం.

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలో, ముఖ్యంగా ఉదయగిరి, ఆత్మకూరు వైపు గ్రామాలలో, ఈ అశ్రద్ధకు ఒక ప్రత్యేకమైన కారణం కూడా ఉన్నది. ఆయుర్వేద వైద్యునిగా ఆ ప్రాంతపు రోగులను చూసేటప్పుడు, వారు ఏ బాధతో వచ్చినా నేను నోరు కూడా పరీక్షిస్తాను. పళ్ళ మీద పసుపు, గోధుమ, నలుపు మరకలు కనిపించి, “ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నవి?” అని అడిగితే, తరచుగా వచ్చే సమాధానం ఒక్కటే: “మా వైపు నీళ్ళు అంతే అయ్యా. అందరికీ ఉండేదే.”

ఈ సమాధానంలో సగం సత్యం. ఆ నీటిలో ఫ్లోరైడ్ ఉన్నమాట నిజమే. కాని మరకలన్నీ నీటివి కావు. తొలగించదగిన గారను కూడా నీటి మరకే అనుకొని ఊరుకోవడం వలన, ఆరోగ్యంగా నిలువవలసిన పళ్ళు నడివయసులోనే కదిలిపోతున్నవి. నిజంగా నీటి వల్ల వచ్చిన మరకను కూడా “అందరికీ ఉండేదే” అని వదిలివేయడం వలన, అదే నీరు తాగుతున్న పసిబిడ్డలను కాపాడుకునే అవకాశం చేజారుతున్నది. ఏ మరక ఏదో తేల్చుకోవడానికే క్రమం తప్పని దంత పరీక్ష కావాలి.

నీటి కథ

ఉదయగిరి దుర్గం చుట్టూ ఉన్నది మెట్ట ప్రాంతం. వర్షం తక్కువ, ఏరులు తక్కువ. తరతరాలుగా బావి నీరు, తరువాత బోరు నీరు ఆధారం. భూమి లోపలి రాళ్ళలో అభ్రకం వంటి ఫ్లోరైడ్ గల ఖనిజాలున్న చోట, నీరు వాటిని ఒరుసుకొంటూ ఎక్కువకాలం నిలిస్తే ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఉప్పగా ఉన్న నీటిలో అది తక్కువగానూ, తియ్యగా ఉన్న నీటిలో ఎక్కువగానూ ఉండవచ్చు. నాలుకతో దానిని కనిపెట్టలేము.

మన దేశంలో ఈ వ్యాధి వైద్య గ్రంథాలకు ఎక్కినది నెల్లూరు జిల్లా పేరుతోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. ఆనాటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటె విశాలమైనది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా అప్పుడు నెల్లూరులోనివే. పళ్ళ మీద మచ్చలతో మొదలై, ఏళ్ళు గడిచిన కొద్దీ వెన్నెముకను, కీళ్ళను బిగదీసే వ్యాధిగా దానిని వారు గుర్తించారు.

పళ్ళ మచ్చలకు కారణం నీరేనని తేలినది అంతకు కొద్ది సంవత్సరాల ముందే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి 1901లో వచ్చిన మెక్కే అనే దంత వైద్యుడు, అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళ మీద గోధుమ రంగు మరకలు చూసి, ఏళ్ళ తరబడి కారణం వెదికాడు. చివరకు 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అటువంటి ఊళ్ళ నీటిని పరీక్షించి ఫ్లోరైడ్‌ను కనుగొన్నాడు. ఒక దంత వైద్యుడు రోగుల నోళ్ళు జాగ్రత్తగా చూడడంతో మొదలైన అన్వేషణ ఊరి నీటి దోషాన్ని బయటపెట్టినదన్నమాట.

మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించినప్పుడు, తొలి విడతగా ఎన్నుకొన్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి.

పన్ను చెప్పే సాక్ష్యం

ఫ్లోరైడ్ మచ్చ పంటి మీద పడేది కాదు, పంటి లోపలే తయారయ్యేది. చిగురు కింద పన్ను రూపుకట్టే వయసులో, అనగా పుట్టినది మొదలు సుమారు 8 సంవత్సరాల వరకు, ఎక్కువ ఫ్లోరైడ్ గల నీరు తాగితే పంటిపై ఉండే గట్టి పొర, అనగా పింగాణీ, సక్రమంగా గట్టిపడదు. ముందువైపు శాశ్వత దంతాల పింగాణీ తయారయ్యేది మరీ పసితనంలో. ఆ పళ్ళు మొలిచేది మాత్రం 6, 7 ఏళ్ళు దాటిన తరువాత. కనుక 8 ఏళ్ళ పాప పంటిపై నేడు కనిపించే మచ్చ, ఆమె ఉయ్యాలలో ఉన్ననాటి నుండి తాగిన నీటి గుణాన్ని చెబుతున్నది.

ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో ఒక ఉదాహరణ చెబుతాను. ఉదయగిరి వైపు పల్లె నుండి ఒక తల్లి తన 9 ఏళ్ళ కుమార్తెను తీసుకొని వచ్చింది. బడిలో తోటి పిల్లలు ఎగతాళి చేస్తున్నారని ఆ పాప నవ్వడమే మానుకొన్నదట, మాట్లాడితే చేయి అడ్డం పెట్టుకొంటున్నది. తల్లి ఆరు నెలలుగా రాళ్ళ ఉప్పు, బొగ్గు పొడి కలిపి రోజూ తోముతున్నది. మచ్చ అలాగే ఉన్నది, చిగుళ్ళు మాత్రం ఒరిసి రక్తం కారుతున్నవి. ఆమె చంకలో ఏడాదిన్నర పిల్లవాడు ఉన్నాడు.

“అమ్మా, ఈ బాబుకు ఏ నీళ్ళు పడుతున్నారు?” అని అడిగాను.

“అదే బోరు నీళ్ళండి. పసివాడు కదా అని కాచి చల్లార్చి పడుతున్నాము.”

కాచడం వలన క్రిములు చస్తాయిగాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైపోగా మిగిలిన దానిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ఆ తల్లి శ్రద్ధ గొప్పదే, కాని ఆ దోషానికి అది మందు కాదు. పాపను దంత వైద్యుని వద్దకు పంపాను, బోరు నీటిని పరీక్షకు ఇవ్వమన్నాను. నీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఉన్నట్లు తేలింది. పాప చిగుళ్ళు కొద్ది వారాలలో నయమైనవి. మచ్చలను పైపైన సరిచేసే చికిత్స ఆమెకు కొంచెం వయసు వచ్చాక చేయవచ్చునని దంత వైద్యుడు చెప్పాడు. అంతకంటె పెద్ద లాభం తమ్మునిది. వాని శాశ్వత దంతాలు ఇంకా చిగురు కిందనే రూపుకడుతున్నవి. వానికి నీరు మార్చడానికి సమయం మిగిలి ఉన్నది.

ఇంటిలో పెద్దబిడ్డ పళ్ళపై మచ్చ కనిపిస్తే, చిన్నబిడ్డ తాగే నీటిని ఆ వారంలోనే పరీక్ష చేయించాలి. పంటి మచ్చతో బాధ చాలావరకు అందానికి సంబంధించినది. అదే నీరు ఏళ్ళ తరబడి లోపలికి పోతే ఎముకలకు, కీళ్ళకు కలిగే నష్టం తిరిగి సరికాదు.

గార అనే రెండవ శత్రువు

ఇక రెండవ మరక గార. అన్నం తిన్న తరువాత పళ్ళపై మెత్తని, జిగురు వంటి పొర చేరుతుంది. దీనినే పాచి అంటాము. అందులో అసంఖ్యాకమైన సూక్ష్మక్రిములుంటాయి. పాచిని ఏనాటికానాడు తీసివేయకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలు దానిలో చేరి, కొద్ది రోజులలోనే గట్టిపడి రాయివలె అతుక్కొంటుంది. అదే గార. ఒకసారి గార కట్టిన తరువాత వేపపుల్లకు గాని, బ్రష్షుకు గాని, ఎంత ఖరీదైన పేస్టుకు గాని అది లొంగదు.

గార గరుకుగా ఉండి, దానిపై మళ్ళీ పాచి చేరుతుంది. చిగురు వాచి, తోమినప్పుడు రక్తం వస్తుంది. క్రమంగా చిగురు పంటి నుండి విడిపోయి సంచివలె లోతవుతుంది. ఆరోగ్యకరమైన చిగురుకు, పంటికి మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించదు. అది లోతైన కొద్దీ పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. ఇంతవరకు నొప్పి ఉండకపోవచ్చు. పన్ను కదిలిననాడు మాత్రమే చాలామందికి తెలుస్తుంది.

పాఠకులు ఒక విషయం గమనించాలి. గారను వైద్యుడు తీయాలన్నది విదేశీ పద్ధతి కాదు. సుశ్రుతసంహిత 65 ముఖరోగాలను వర్ణించింది. వాటిలో 15 దంతమూలాలకు, 8 దంతాలకు సంబంధించినవి. ఆ ఎనిమిదింటిలో ‘దంతశర్కర’ అని చెప్పినది మన గారనే. దానికి సుశ్రుతుడు మందు మాత్రం చెప్పి ఊరుకోలేదు. చిగుళ్ళకు గాయం కాకుండా వైద్యుడు శర్కరను పెకలించి తీసి, ఆ తరువాత లక్క చూర్ణాన్ని తేనెతో కలిపి రుద్దమన్నాడు. వాగ్భటుడు ఈ పనికై ‘దంతలేఖనం’ అనే ప్రత్యేక శస్త్రాన్నే పేర్కొన్నాడు. చిగుళ్ళ నుండి రక్తం కారి, మెత్తబడి, దుర్గంధం వచ్చే వ్యాధిని ‘శీతాదం’ అన్నారు. పళ్ళు కదిలే దశను ‘ఉపకుశం’లో వర్ణించారు. నేటి దంత వైద్యుడు చేసే క్లీనింగ్ ఆ శస్త్రకర్మకు నేటి రూపమే.

ఆత్మకూరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు జీర్ణశక్తి సరిగా లేదని నా వద్దకు వచ్చారు. నోరు చూస్తే కింది వరుస లోపలివైపు నల్లని గార అట్టలు కట్టి ఉన్నది. “చిన్నప్పటి నుండి తాగిన నీళ్ళ మహిమ” అన్నారాయన. చిన్నప్పటి ఫొటోలో పళ్ళు తెల్లగా ఉన్నవని ఆయన భార్యే గుర్తుచేశారు. దంత వైద్యుడు రెండు విడతలుగా గార తీశాడు. చిగుళ్ళు అంతగా చెడడానికి కారణం చూడాలని రక్తపరీక్ష చేయిస్తే మధుమేహం బయటపడింది. మధుమేహానికి, చిగుళ్ళ వ్యాధికి పరస్పర సంబంధం ఉన్నది. ఒకటి హెచ్చితే రెండవది హెచ్చుతుంది. నోరు చూపించుకోకుండా ఉంటే ఆ సంగతి ఇంకెంత కాలానికి తెలిసేదో!

ఇంటి వద్ద గుర్తించే విధం

అద్దం ముందు, పగటి వెలుతురులో ఈ గుర్తులు చూసుకోవచ్చు.

ఫ్లోరైడ్ మచ్చ: పన్ను మొలిచినప్పటి నుండి ఉంటుంది. సుద్దవలె తెల్లని మచ్చలు, అడ్డుచారలు, తీవ్రమైతే గోధుమ రంగు మరకలు, చిన్న గుంటలు. కుడివైపు పంటికి ఎలా ఉంటే, ఎడమవైపు జత పంటికి సుమారుగా అలాగే ఉంటుంది.

గార: తరువాతి కాలంలో చేరుతుంది. చిగురు అంచు వద్ద, కింది ముందు పళ్ళ లోపలివైపు, పై దవడ పళ్ళ బయటివైపు ఎక్కువ. నాలుకకు గరుకుగా తగులుతుంది. నోటి దుర్వాసన, చిగుళ్ళ నుండి రక్తం దీనికి తోడు.

పుచ్చు: ఒక పంటికి పరిమితమైన గుంట లేక నల్లని చుక్క. అందులో ఆహారం ఇరుక్కుంటుంది. చల్లని, తియ్యని పదార్థాలు తగిలితే జివ్వుమంటుంది.

ఇవి ఒకే నోటిలో కలిసి ఉండవచ్చు. కనుక ఇంటి పరీక్షతో తృప్తిపడక వైద్యుని నిర్ణయం తీసుకోవాలి.

క్లీనింగ్ గురించిన సందేహాలు

“గార తీయిస్తే పళ్ళు కదులుతాయంటారే?” అని గృహిణులు తరచుగా అడుగుతారు. పళ్ళను కదిలించేది గారే. ఎముక కరిగిన పళ్ళ మధ్య అది సిమెంటువలె నిండి ఉండడం చేత కదలిక తెలియదు. తీసిన తరువాత అసలు స్థితి బయటపడుతుంది. ఆలస్యం చేసిన కొద్దీ ఆ కదలిక పెరుగుతుందే తప్ప తగ్గదు.

“పింగాణీ అరిగిపోదా?” అన్నది మరొక సందేహం. యంత్రపు మొన సెకనుకు 25,000 సార్లకు పైగా అతి స్వల్పంగా కంపిస్తూ, నీటి ధారతో గారను విడదీస్తుంది. శిక్షణ పొందిన చేతిలో అది పన్నును కోయదు. కొద్ది రోజులు చల్లని నీరు తగిలితే జివ్వుమనవచ్చు, అది తగ్గిపోతుంది.

క్లీనింగ్ వలన ఫ్లోరైడ్ మచ్చ పోదు. దానికి పింగాణీని పైపైన సరిచేయడం, పంటి రంగు పదార్థంతో పూత వేయడం వంటి వేరే చికిత్సలున్నవి. “ద్రావకంతో క్షణంలో తెల్లగా చేస్తాము” అనేవారికి నోరు అప్పగించరాదు. ఆమ్లం వలన పింగాణీయే కరిగిపోతుంది.

గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి దంత వైద్యునికి ముందుగా చెప్పాలి. గర్భిణులకు నాలుగవ నెల నుండి ఆరవ నెల వరకు అనువైన సమయం.

ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి?

సాధారణంగా ఆరు నెలలకు ఒకసారి. చిగుళ్ళు, పళ్ళు బాగుండి, చెడు అలవాట్లు లేనివారికి వైద్యుని సలహాపై ఏడాదికి ఒకసారి చాలు. మధుమేహ రోగులకు, పొగాకు, వక్క నమిలేవారికి మూడు, నాలుగు నెలలకే అవసరం కావచ్చు. ప్రతి పరీక్షలోనూ క్లీనింగ్ తప్పనిసరి కాదు, గార ఉంటేనే. పిల్లలకు మొదటి పన్ను వచ్చిన ఏడాదిలోపు ఒకసారి, శాశ్వత దంతాలు మొలిచే 6, 7 ఏళ్ళ వయసులో తప్పక చూపించాలి. ఉదయగిరి వంటి దూరపు ప్రాంతాలవారు ఇంటిల్లిపాదికి ఒకేసారి పరీక్ష జరిగేలా చూసుకొంటే ప్రయాణపు ఖర్చు కలిసివస్తుంది.

ఇంటిలో చేయదగినవి

1. వేప, కానుగ, చండ్ర పుల్లలు శ్రేష్ఠం. సుశ్రుతుడు చెప్పిన కొలత 12 అంగుళాల (వేలి వెడల్పుల) పొడవు, చిటికెనవేలి లావు. కొన మెత్తగా నమిలి, చిగురు వైపు నుండి పంటి అంచు వైపుకు తోమాలి. నోటిపూత, దగ్గు, వాంతులు ఉన్నప్పుడు పుల్ల వాడరాదు. బ్రష్షు వాడేవారు మెత్తని కుచ్చు గలది తీసుకొని, రాత్రి పడుకొనే ముందు కూడా తోముకోవాలి.

2. నువ్వుల నూనె ఒక చెంచా నోటిలో పోసుకొని 5 నిమిషాలు పుక్కిలించి ఉమ్మివేయాలి. మింగరాదు.

3. త్రిఫల చూర్ణం 5 గ్రాములు ఒక గ్లాసు నీటిలో సగం మిగిలేలా కాచి, వడపోసి, గోరువెచ్చగా పుక్కిలిస్తే వాచిన చిగుళ్ళకు ఉపశమనం.

4. పంటి నొప్పికి లవంగ నూనెలో తడిపిన చిన్న దూదిని ఉంచవచ్చు. ఇది వైద్యుని వద్దకు చేరేవరకు మాత్రమే.

ఈ ఉపచారాలు పాచి చేరకుండా, చిగుళ్ళు గట్టిపడేలా తోడ్పడతాయి. కట్టిన గారను కరిగించలేవు. ఇటుక పొడి, బొగ్గు పొడి, పిడకల బూడిద, రాళ్ళ ఉప్పు, నిమ్మచెక్కతో రుద్దడం పింగాణీని అరగదీస్తాయి. పొగాకు పొడితో తోమడం నోటి క్యాన్సరుకు దారితీయవచ్చు.

నీరు, ఆహారం

తాగేందుకు, వండేందుకు సురక్షితమని పరీక్షలో తేలిన నీటినే వాడాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలలో పరీక్ష చేయించవచ్చు. రాగి బిందెలో నిలువ ఉంచినా, గుడ్డతో వడపోసినా ఫ్లోరైడ్ పోదు. బాగుగా పనిచేస్తున్న ఆర్.ఓ. యంత్రం దానిని చాలావరకు తీసివేస్తుంది. పట్టిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. కాని కొలత తెలియకుండా ఇంటిలో చేయరాదు.

పాలు, మజ్జిగ, రాగిసంగటి, మునగాకు, ఉసిరి పిల్లల ఆహారంలో ఉండాలి. సున్నపు ధాతువు చాలినంత ఉంటే ఫ్లోరైడ్ హాని కొంత తగ్గుతుంది. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. అయితే చారు తాగుతున్నాము కదా అని చెడునీరు వాడరాదు. పసిపిల్లలకు టీ అలవాటు చేయరాదు. ఆరేళ్ళలోపు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు ఎంత వాడాలో, అసలు వాడాలో వద్దో, ఆ ఊరి నీటిని బట్టి దంత వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ఈ వ్యాసం చదివిన తల్లిదండ్రులు ఈ రోజే పిల్లలను వెలుతురులో నిలబెట్టి పళ్ళు చూడండి. మచ్చ ఉంటే ఒక సీసాలో ఇంటి నీటిని పరీక్షకు పంపండి. పెద్దలు తమ కింది పళ్ళ లోపలివైపు నాలుకతో తడిమి చూసుకోండి. గరుకు తగిలితే, నొప్పి లేకపోయినా, ఈ నెలలోనే దంత వైద్యుని దర్శించండి.